నడిసంద్రంలో చలువ పందిరి

చుట్టూ నీళ్లే. అయినా లోపల కూర్చుంటే ఒళ్లంతా చెమట. ఏసీ లేదు, కరెంటు అంతంతమాత్రం. ఉన్నది ఇరవై అడుగుల పొడవు కూడా లేని ఒక్క గది. వంటా అందులోనే, పడకా అందులోనే. మరి చిన్న చిన్న తెరచాప పడవల్లో సముద్రాల మీద తిరిగేవాళ్లు ఎండాకాలాన్ని ఎలా గట్టెక్కుతారు?

సముద్రం అనగానే మనకి చల్లగాలి గుర్తొస్తుంది. సాయంత్రం పూట విశాఖ బీచ్‌లో కూర్చున్నవాళ్లకి ఆ హాయి ఏమిటో తెలుసు. కానీ అదే నీటి మీద, మిట్టమధ్యాహ్నం, ముప్ఫై అడుగుల పడవ లోపల పడుకోవాల్సి వస్తే? తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారుకీ ఆ గదికీ పెద్ద తేడా ఉండదు.

ఒక కొయ్య, రెండు తెరచాపలు, డెక్ కింద ఓ బుల్లి క్యాబిన్... ఇదీ ఆ పడవ. మధ్యధరా తీరాల్లో, కరీబియన్ దీవుల మధ్య, అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి పడవల్లో కుటుంబాలకు కుటుంబాలే నెలల తరబడి ఉంటాయి. పిల్లల చదువులూ అందులోనే సాగించేవాళ్లున్నారు. దూరప్రయాణంలో మరో చిక్కుంది. రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని కాపలా కాయాలి. ఎదురుగా వచ్చే ఓడల్ని కనిపెట్టాలి. అంటే రాత్రి కాపలా ఉన్న మనిషి పగలు, సరిగ్గా ఎండ మండిపోయే వేళ, ఆ క్యాబిన్‌లోనే నిద్రపోవాలి. ఉక్కకి నిద్రపట్టకపోతే ఆ రాత్రి కాపలాలో కన్నుమూతలు పడతాయి. నడిసంద్రంలో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే వాళ్లకి చల్లదనం సుఖం కోసం కాదు, ప్రాణం కోసం.

కూలర్ ఎందుకు పనిచేయదు?

వేడి కన్నా ముందు తేమ గురించి చెప్పుకోవాలి. చెమట ఆరినప్పుడే మన ఒంటికి చలువ. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. హైదరాబాద్‌లోనో నిజామాబాద్‌లోనో ఎండాకాలం కూలర్ పెడితే గది చల్లబడుతుంది. అదే కూలర్‌ని కాకినాడలో పెడితే జిడ్డు తప్ప సుఖం ఉండదు. కారణం ఇదే. పడవ ఉండేది నీళ్ల మీదే కాబట్టి తడి గుడ్డలు కట్టడం, క్యాబిన్‌లో నీళ్లు చల్లడం లాంటి చిట్కాలు అక్కడ దండగ. పైగా నలుగురు మనుషుల ఊపిరి, చెమట, వంట ఆవిరి... అన్నీ ఆ చిన్న గదిలోకే చేరతాయి.

అందుకే అనుభవం ఉన్న పడవవాళ్లు మూడే మూడు సూత్రాలు నమ్ముకుంటారు. ఎండని లోపలికి రానివ్వకూడదు. గాలిని ఆగనివ్వకూడదు. లోపల కొత్త వేడి పుట్టించకూడదు.

ముందు నీడ

మన పల్లెల్లో వేసవి రాగానే ఇంటి ముందు తాటాకులతో చలువ పందిరి వేస్తారు. పడవవాళ్లు చేసేదీ అదే. లంగరు వేయగానే తెరచాప కింద ఉండే అడ్డకొయ్య మీదుగా గట్టి గుడ్డ పరిచి, అంచుల్ని రెండు పక్కలా తాళ్లతో లాగి కడతారు. డెక్‌కి ఎండ తగలకపోతే కింద ఉన్న క్యాబిన్ కప్పు కాగదు. కప్పు కాగకపోతే సగం సమస్య తీరినట్టే.

ఇందులోనూ కిటుకుంది. పందిరి మరీ కిందికి ఉంటే వేడిగాలి దాని కింద చిక్కుకుపోతుంది. మరీ పైకి ఉంటే ఏటవాలు ఎండ లోపలికి దూరుతుంది. అందుకే మధ్యలో గాలి ఆడేలా కట్టి, సాయంత్రం పడమటి వైపు మాత్రం మరో తెర దించుతారు. గాలివాన సూచన కనిపిస్తే వెంటనే విప్పేయాలి. లేకపోతే ఆ గుడ్డే తెరచాపలా మారి పడవని లాగేస్తుంది.

క్యాబిన్ కప్పులో వెలుతురు కోసం పెట్టిన పారదర్శకమైన మూతలుంటాయి. వాటిని హ్యాచ్‌లంటారు. వాటిలోంచి వచ్చే ఎండ అంతా ఇంతా కాదు. లోపలి వైపు కర్టెన్ కడితే కంటికి నీడ దొరుకుతుంది కానీ వేడి అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది. అందుకే తెల్లటి గుడ్డ తొడుగుల్ని బయటి వైపు వేస్తారు. డెక్‌కి తెలుపో లేత రంగో వేయడం కూడా ఎండని వెనక్కి కొట్టడానికే. ముదురు నీలం పడవ చూడ్డానికి అందంగానే ఉంటుంది, లోపల ఉండేవాళ్లకే ఆ అందం ఖరీదు తెలుస్తుంది. టేకు చెక్క డెక్ ఉన్నవాళ్లు పొద్దు వాలాక బకెట్లతో సముద్రపు నీళ్లు పోస్తారు. మనం మేడ మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకున్నట్టు!

తర్వాత గాలి

లంగరు వేసిన పడవకి ఓ మంచి గుణం ఉంది. తాడు ముందు భాగానికి కట్టి ఉంటుంది కాబట్టి గాలి ఎటు నుంచి వీస్తే పడవ ముక్కు అటు తిరుగుతుంది. దాన్ని వాడుకోవడానికి ముందున్న హ్యాచ్ మీద గుడ్డతో కుట్టిన ఓ సంచిని నిలబెడతారు. విండ్‌స్కూప్ అంటారు దాన్ని. ఎదురుగాలిని పట్టి కిందికి మళ్లించడమే దాని పని. లోపలికి వచ్చిన గాలి క్యాబిన్ అంతా తిరిగి వెనక తలుపులోంచి బయటికి పోతుంది. రావడానికో దారి, పోవడానికో దారి... రెండూ ఉంటేనే గాలి ఆడుతుంది.

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. సింధ్‌లోనూ ఓ హైదరాబాద్ ఉంది, ఇప్పుడది పాకిస్థాన్‌లోని నగరం. అక్కడి పాత ఫొటోలు చూస్తే ఇళ్ల కప్పుల మీద వందలాది గాలి గొట్టాలు, అన్నీ ఒకే దిక్కుకి తిరిగి కనిపిస్తాయి. వేసవి గాలిని పట్టి గదుల్లోకి దించడానికి కట్టుకున్నవవి. అక్కడ ఇటుకలతో చేసిన పనినే పడవవాళ్లు గుడ్డతో చేస్తున్నారు.

రేవులో కట్టేసిన పడవకి మాత్రం ఈ సౌకర్యం ఉండదు. అది గాలికి తిరగలేదు. అందుకే ఎండాకాలం చాలామంది రేవుకి కాస్త దూరంగా, నీటిలోనే లంగరు వేసుకుంటారు. గాలికి గాలి, దోమల బెడదా తక్కువ.

వాన పడితే?

భూమధ్యరేఖకి దగ్గర్లో డోల్‌డ్రమ్స్ అనే ప్రాంతం ఉంది. ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చే వ్యాపార పవనాలు అక్కడ కలిసి పైకి లేచిపోతాయి. దాంతో నీటి మీద గాలి స్తంభిస్తుంది. తెరచాపలు వేలాడిపోతాయి. ఉక్క... ఉన్నట్టుండి కుండపోత వాన... మళ్లీ ఉక్క. వాన పడితే హ్యాచ్‌లు మూయాలి. మూస్తే లోపల ఊపిరాడదు.

దీనికి విరుగుడు డొరేడ్ పెట్టె. డెక్ మీద ఓ చెక్క పెట్టె ఉంటుంది. దాని పైన ఒక పక్క బూర ఆకారంలో గొట్టం. క్యాబిన్‌లోకి దిగే గొట్టం మాత్రం పెట్టెలో రెండో పక్కన, అడుగు నుంచి కొంత ఎత్తుకు లేచి ఉంటుంది. గాలీ నీరూ కలిసి బూరలోంచి పెట్టెలోకి వస్తాయి. నీరు అడుగుకి చేరి పక్క చిల్లుల్లోంచి డెక్ మీదకి పోతుంది. గాలి మాత్రం రెండో గొట్టంలోంచి కిందికి దిగుతుంది. 1930లో నీటిలోకి దిగిన డొరేడ్ అనే పందెం పడవ పేరే దీనికి వచ్చింది. ఆ పడవ రూపశిల్పి ఓలిన్ స్టీఫెన్స్‌కి అప్పటికి నిండా పాతికేళ్లు లేవు. మరుసటి ఏడాదే అది అట్లాంటిక్‌ని దాటే పందెంలో నెగ్గింది. ఇన్నేళ్లయినా ఆ పెట్టెని ఇప్పటికీ పడవల మీద చూడొచ్చు.

ఏసీ పెట్టుకోవచ్చుగా!

ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. లెక్క చూడండి. చిన్న ఏసీకి ఐదొందల వాట్లయినా కావాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి అది నలభై ఆంపియర్లకు పైగా లాగుతుంది. వంద ఆంపియర్-అవర్ల మామూలు బ్యాటరీలో సగానికి మించి వాడితే అది త్వరగా పాడవుతుంది. అంటే ఏసీ నడిచేది గంటో, ఇంకాస్తో. పడవల్లో వాడే చిన్న ఫ్యానుకి అర ఆంపియర్ చాలు. అదే బ్యాటరీతో రెండు ఫ్యాన్లు రెండు రోజులు ఆగకుండా తిరుగుతాయి. అందుకే ప్రతి పడక దగ్గరా ఓ ఫ్యాను బిగించుకుంటారు. సోలార్ పలకలు, లిథియం బ్యాటరీలు వచ్చాక పెద్ద పడవల్లో ఏసీలూ నడుస్తున్నాయి కానీ చిన్న పడవ మీద అన్ని పలకలకి చోటేదీ?

కొందరు పెట్రోలు జనరేటర్ తెచ్చి డెక్ మీద పెట్టి ఏసీ నడుపుతారు. అసలు ముప్పు అక్కడే ఉంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. గాలి మళ్లితే అది క్యాబిన్‌లోకే వస్తుంది. తలనొప్పి, వికారం, మగత... సముద్ర ప్రయాణంలో పడక వచ్చాయనో ఎండదెబ్బ అనో అనుకుని లోపలికెళ్లి పడుకుంటారు. ఇక లేవరు. అమెరికాలోని పావెల్ సరస్సులో ఇళ్ల పడవల మీద జరిగిన ఇలాంటి మరణాలపై అక్కడి ప్రభుత్వ సంస్థలు 2000లో పరిశోధన చేపట్టాయి. జనరేటర్ల పొగ పడవ వెనక భాగంలో, డెక్ కింద ఖాళీలో ప్రమాదకరంగా పోగవుతోందని తేల్చాయి. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టి మోగే అలారం లేకుండా పడవలో నిద్రపోవద్దని నిపుణులు చెప్పేది అందుకే.

వంటిల్లు పైకి, కూరగాయలు కిందికి

మూడో సూత్రం లోపల వేడి పుట్టించకపోవడం. అందుకే వేసవిలో వంట తెల్లవారుజామునే ముగించేస్తారు, లేదంటే స్టవ్ డెక్ మీదకి మారుస్తారు. మన ప్రెషర్ కుక్కర్ పడవవాళ్లకీ ప్రాణమే. గ్యాస్ ఆదా, ఆవిరి తక్కువ, పడవ ఊగినా మూత ఊడదు. ఐస్ పెట్టెకి తలుపు పక్కన కాకుండా పైన ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి మూత తీసినా బయటికి ఒలికిపోదు.

పడవలో అన్నిటికన్నా చల్లటి చోటు నీటిమట్టానికి దిగువన, అడుగు పలకల దగ్గర. పైన ఎండ ఎంత మండినా అక్కడి పలక సముద్రపు నీటి చల్లదనంతోనే ఉంటుంది. బంగాళదుంపలు, నీళ్ల సీసాల్లాంటివి అక్కడ సర్దుతారు. మధ్యధరాలో ఈ ఉపాయం బాగా పారుతుంది. మే నెల బంగాళాఖాతంలో నీరే ముప్ఫై డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి ఇక్కడ లాభం తక్కువ.

మనవాళ్లూ దాటారు

ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని మొదట చుట్టి వచ్చిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ ‘సుహైలీ’ మన ముంబయిలో తయారైందే. పొడవు 32 అడుగులు. 1968లో బయల్దేరి 312 రోజుల తర్వాత, 1969 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ చేరాడాయన. ఆ పందెం జ్ఞాపకంగా, నాటి పరిజ్ఞానంతోనే సాగాలన్న నియమంతో జరిగిన 2022 గోల్డెన్ గ్లోబ్ పోటీలో భారత నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ రెండో స్థానంలో నిలిచారు. ఆయన పడవ 36 అడుగులు. ఇలాంటి యాత్రలో వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి డోల్‌డ్రమ్స్‌ని దాటక తప్పదు.

2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’లో బయల్దేరిన ఆరుగురు నౌకాదళ మహిళల్లో ఇద్దరు తెలుగమ్మాయిలే. విశాఖకి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కి చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. వర్తికా జోషి నాయకత్వంలో 254 రోజుల్లో భూమిని చుట్టి 2018 మే 21న గోవా చేరారు. వాళ్ల పడవ కాస్త పెద్దది, 55 అడుగులు. దక్షిణ సముద్రంలో ఎముకలు కొరికే చలి, భూమధ్యరేఖ దగ్గర ఉక్క... ఒకే యాత్రలో రెండూ చూశారు.

మన ఇంటికీ ఇవే సూత్రాలు

* కిటికీ లోపల కర్టెన్ కన్నా బయట వేసిన వట్టివేళ్ల తడికో, వెదురు తెరో ఎక్కువ వేడిని ఆపుతుంది.
* ఒక్క కిటికీ తెరిస్తే చాలదు. ఎదురుగా గాలి పోయే దారి కూడా తెరవాలి. అదీ బయట చల్లబడ్డాకే.
* మేడ కప్పుకి తెల్ల సున్నం వేయిస్తే కింది గది తక్కువ కాగుతుంది.
* కోస్తా ఊళ్లలో కూలర్ కన్నా ఫ్యాను మేలు. తేమ ఎక్కువున్న రోజుల్లో ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్లు తరచూ తాగాలి.
* కరెంటు పోయినప్పుడు జనరేటర్‌ని వరండాలోనో కిటికీ పక్కనో పెట్టొద్దు. ఇంటికి దూరంగా, ఆరుబయటే ఉంచాలి.