ఖండం కలవాలంటే ముందు ఏ హక్కు కలవాలి? బాన్సువాడ సరిహద్దు చెప్పే సంగతి

ఆసియా దేశాలన్నీ రాజకీయంగా ఒక్కటి కాగలవా? యూరప్ వాళ్ళు కలిసినట్టు మనమూ కలిస్తే యుద్ధాలు, సరిహద్దు గొడవలు ఉండవు కదా అని విద్యార్థి మిత్రులు తరచూ అడుగుతుంటారు. ఇన్ని భాషలు, ఇన్ని మతాలు ఉన్నచోట అది అయ్యే పని కాదని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండు వైపులా అసలు ప్రశ్నను దాటేస్తున్నారని మా అభిప్రాయం. వేరువేరు భాషల జనం ఒకే ప్రభుత్వం కింద బతకగలరా అన్నది ఎప్పుడో తేలిపోయింది, బతికారు. ఆ కలయికలో అందరికంటే కిందున్న మనిషికి ఏ హక్కు రాసిపెట్టారు, హద్దు దాటాక కూడా అది చెల్లుతుందా అన్నదే తేలాలి. దానికి ముందు మన పక్కనే ఉన్న హద్దు సంగతి చూద్దాం.

బాన్సువాడ నుంచి బిచ్కుంద, మద్నూర్ మీదుగా పోతే సలాబత్‌పూర్ వస్తుంది. అది దాటితే మహారాష్ట్ర, దెగ్లూర్. జుక్కల్ నుంచి ఇంకో దిక్కు పోతే కర్ణాటకలోని ఔరాద్. ఈ పల్లెల్లో తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినిపిస్తాయి. తండాల్లో గోర్ బోలి, పట్నంలో ఉర్దూ సరేసరి. పెళ్ళి సంబంధాలు, సంతలు, కూలి పనులు హద్దుకు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. 1956 నవంబర్ 1 దాకా ఇక్కడ రాష్ట్ర సరిహద్దు అనేదే లేదు. అంతా పదహారు జిల్లాల హైదరాబాద్ రాష్ట్రం. తెలంగాణవి 8, మరాఠ్వాడావి 5, కన్నడ ప్రాంతానివి 3. ఇవాళ బాన్సువాడ పక్కనే ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు అప్పట్లో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోవి. రాష్ట్రాల పునర్విభజన చట్టం ఆ రెండింటినీ కోసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది, మిగతా దెగ్లూర్‌ను బొంబాయి రాష్ట్రానికి ఇచ్చింది. బీదర్ జిల్లా అయితే మూడు ముక్కలై మూడు రాష్ట్రాలకు పోయింది.

మూడు భాషల రాష్ట్రం ఉండేదని చెప్పుకుని మురిసిపోవాల్సిన పనేమీ లేదు. అది జనం ఓటేసి తెచ్చుకున్న కలయిక కాదు, నిజాం ఏలుబడి. తెలుగు పల్లెలో మాల మాదిగలు, మరాఠీ పల్లెలో మహార్లు, మాంగులు, కన్నడ పల్లెలో హొలెయలు, మాదిగలు ఊరికి బయటే ఉన్నారు, ఊరి చాకిరీ చేశారు. రాజు భాషలను కలపకముందే కులం ఆ పని చేసిపెట్టింది. యూనియన్ల గురించి రాసే మేధావులు ఈ పాత ఐక్యతను ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. 1947లో ఆయన రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో దేశానికి ‘యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టి, ఆ సమాఖ్య రాజ్యాంగంలోనే షెడ్యూల్డ్ కులాల రక్షణలు రాసి ఉండాలని కోరారు. కలయిక, రక్షణ రెండూ ఒకే కాగితం మీద ఉండాలన్నది ఆయన పట్టు. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేశారు. ఒక రాష్ట్రంలో ఒకే భాష ఉండటం మంచిదే, అంతమాత్రాన ఒక భాష మాట్లాడేవాళ్ళంతా ఒకే రాష్ట్రంలో ఉండాలనేమీ లేదన్నారు. మహారాష్ట్రను నాలుగుగా, ఉత్తరప్రదేశ్‌ను మూడుగా చేయమన్నారు. కారణం కులం. భాషా రాష్ట్రంలో ఒకటి రెండు పెద్ద కులాలు భూమినీ పదవులనూ గుప్పిట పెట్టుకుంటాయనీ, చిన్న కులాలు, అంటరానివాళ్ళు వాళ్ళ దయ మీద బతకాల్సి వస్తుందనీ హెచ్చరించారు. దానికి ఆయన చూపిన ఉదాహరణల్లో ఆంధ్ర ఒకటి. రెడ్లు, కమ్మలు, కాపులు అని కులాల పేర్లు పెట్టి మరీ రాశారు.

ఆ మరుసటి సంవత్సరమే తెలుగువాళ్ళ కలయిక జరిగింది. ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి విడిగా ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపమంది. అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల కాంగ్రెస్ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. మంత్రివర్గంలో వాటాలు, స్థానికత, మిగులు నిధులు, భూముల అమ్మకాలు, ఉర్దూ స్థానం, చివరికి మద్యనిషేధం కూడా అందులో ఉన్నాయి. దళితుల ఊసు లేదు. సంతకాలు పెట్టిన ఎనిమిది మందిలో దళితులూ లేరు. పెద్దమనుషులు తమలో తాము రాసుకున్న మాటలు కూడా నిలవలేదు. ఉప ముఖ్యమంత్రి పదవి అవతలి ప్రాంతానికి అన్నది మొదటి మంత్రివర్గంలోనే గాలికి పోయింది. 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాలు, చివరికి 2014 జూన్ 2. ఒకే భాష మాట్లాడేవాళ్ళే యాభై ఎనిమిదేళ్ళకు విడిపోయారంటే, భాష ఒకటైతే కలిసి ఉంటారు, వేరైతే ఉండలేరు అన్న సూత్రం ఏపాటిదో చూడండి. ఆ రాష్ట్రమే 1960లో దామోదరం సంజీవయ్యను ముఖ్యమంత్రిని చేసిందని, దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనేనని గుర్తుచేసేవాళ్ళుంటారు. నిజమే. 1962లో ఆయన దిగిపోయాక రాష్ట్రం విడిపోయేదాకా ఇంకో దళితుడు ఆ కుర్చీలో కూర్చోలేదు. అదీ నిజమే.

కలయికలో కిందివాళ్ళ హక్కు ఎక్కడ తప్పిపోతుందో తెలియాలంటే మన తండాల చరిత్ర చదవాలి. 1956లో రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమయ్యాక కూడా లంబాడీలు ఆంధ్ర ప్రాంతంలో ఎస్టీలు, తెలంగాణలో కారు. ఒకే ముఖ్యమంత్రి, ఒకే అసెంబ్లీ, ఒకే జనం, రెండు హోదాలు. 1976 సవరణ చట్టం దాకా, అంటే ఇరవై ఏళ్ళు, అట్లాగే నడిచింది. ఆ చేరికతో తమ వాటా తరిగిందన్న ఆదివాసుల ఆవేదన వేరే చర్చ, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇప్పటికీ ఈ మూడు రాష్ట్రాల మూలమలుపు దగ్గర లంబాడీ తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. జుక్కల్ తండా ఆడపిల్ల ఔరాద్ తండాకు కోడలుగా పోతే దూరం కొద్ది కిలోమీటర్లే. మాట మారదు, దేవుడు మారడు. ఆమె పిల్లల కాగితం మీద మాత్రం ఎస్టీ పోయి ఎస్సీ వస్తుంది.

ఇది రాజ్యాంగంలోనే ఉన్న మెలిక. 341, 342 అధికరణాల ప్రకారం కులాల, తెగల జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఒక కులం ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ మాత్రమే షెడ్యూల్డ్ కులం. మర్రి చంద్రశేఖర్ రావు కేసు ఇందుకు మైలురాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ గుర్తింపు ఉన్న కుటుంబం, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరింది. కొడుకు అక్కడే పెరిగి మెడికల్ సీటు అడిగితే నీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదన్నారు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ మాటనే ఖాయం చేసింది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే సూత్రం నిలిచింది. ఒక రాష్ట్రపు వెనుకబాటు ఇంకో రాష్ట్రపు వెనుకబాటుతో సమానం కాదన్న వాదనలో కొంత నిజం ఉంది. బయటినుంచి వచ్చినవాళ్ళు స్థానిక దళితుల సీట్లు పట్టుకుపోతారన్న భయమూ ఉత్తది కాదు. కానీ గమనించాల్సింది ఒకటుంది. మన దేశంలో సరుకు హద్దు దాటుతుంది, 2017లో జీఎస్టీ వచ్చాక మరీ సులువుగా దాటుతుంది. అంటరానితనం ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగదు. దానికి విరుగుడుగా ఇచ్చిన హక్కు మాత్రం సలాబత్‌పూర్‌లో బస్సు దిగాల్సి వస్తుంది.

ఒక దేశంలోనే ఇట్లా ఉంటే ఖండం సంగతి ఏమిటి? యూరప్ వాళ్ళు 1951లో బొగ్గు, ఉక్కుతో మొదలుపెట్టారు. 1957 రోమ్ ఒప్పందంతో మార్కెట్, 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ఉమ్మడి పౌరసత్వం. హద్దు దాటిన కార్మికుడిని స్థానిక కార్మికుడితో సమానంగా చూడాలన్న నియమం ఆ యూనియన్‌కు గుండెకాయ. ఇది చిన్న విషయం కాదు, మనకు లేనిది. అయినా యూరప్ వెలివాడ యూరప్‌లోనే ఉంది. కోటి మందికి పైగా ఉన్న రోమా ప్రజలు శతాబ్దాలుగా ఊరి చివర బతుకుతున్నారు. యూనియన్ పౌరులైన రుమేనియా, బల్గేరియా రోమాలనే 2010లో ఫ్రాన్స్ గుడారాలు కూల్చి వెనక్కి పంపింది. చెక్ దేశంలో రోమా పిల్లలను మందబుద్ధి పిల్లల బడుల్లో వేస్తుంటే, పద్దెనిమిది మంది పిల్లల తరఫున స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్ళి 2007లో గెలిచారు. ఆ కోర్టు యూరోపియన్ యూనియన్‌ది కాదు, దానికంటే పెద్దదైన ఇంకో కూటమిది. సొంత ప్రభుత్వం తలుపు మూస్తే పైన తట్టడానికి ఇంకో తలుపుండటం మనం గమనించాల్సిన విషయం.

ఆఫ్రికాలో ఘనా నాయకుడు ఎన్‌క్రుమా ఒకే ఖండం, ఒకే ప్రభుత్వం అన్నారు. టాంజానియా నాయకుడు నైరేరే మెల్లగా పోదామన్నారు. 1963లో అడ్డిస్ అబాబాలో సంస్థ పెట్టుకుని, మరుసటేడే వలస పాలకులు గీసిన సరిహద్దులను కదపకూడదని తీర్మానించుకున్నారు. అయినా అక్కడా ఒక ఉమ్మడి కోర్టు వచ్చింది. కెన్యాలో మౌ అడవి నుంచి గెంటేసిన ఒగియెక్ ప్రజలకు అనుకూలంగా 2017లో తీర్పిచ్చింది ఆ కోర్టే. అది ఉన్నది టాంజానియాలోని అరుషా పట్నంలో. పౌరులు నేరుగా ఆ కోర్టుకు వెళ్ళే వీలును 2019లో వెనక్కి తీసుకున్నది అదే టాంజానియా ప్రభుత్వం!

మన దగ్గరికి వద్దాం. 1947లో ఢిల్లీలో ఆసియా సంబంధాల సదస్సు, 1955లో బాండుంగ్‌లో ఇరవై తొమ్మిది ఆసియా, ఆఫ్రికా దేశాల సమావేశం, ఉపన్యాసాలు ఘనంగా జరిగాయి. ఆసియా మొత్తానికి ఒక రాజకీయ సంస్థ ఇప్పటికీ లేదు. గల్ఫ్‌లో ఆరు దేశాల మండలి 1981 నుంచి ఉంది. ఆ దేశాల పౌరులు గుర్తింపు కార్డు చూపి హద్దు దాటుతారు. వాళ్ళ భవనాలు కట్టిన మన నిజామాబాద్, కామారెడ్డి కూలీ కఫీల్ ఒప్పుకోలు లేకుండా పని మారడం కూడా ఏళ్ళ తరబడి కుదరలేదు. అదీ ఒక యూనియనే, పాలకుల యూనియన్. దక్షిణాసియాలో సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది. వివాదాస్పద విషయాలు, రెండు దేశాల మధ్య గొడవలు చర్చించకూడదని దాని నియమావళిలోనే రాసుకున్నారు. 2014 ఖాట్మండు తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. కులం నేపాల్‌లో ఉంది, బంగ్లాదేశ్‌లో ఉంది, పాకిస్తాన్‌లో ఉంది, శ్రీలంకలో ఉంది. నేపాల్ 2011లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం చేసుకుంది, 2015 రాజ్యాంగంలో దళితుల హక్కులకు ప్రత్యేక అధికరణం పెట్టుకుంది. ఖాట్మండులోనే సార్క్ కార్యాలయం ఉంది, అందులో ఈ మాట ఎత్తడానికి చోటు లేదు. కొత్త దేశంలో న్యాయం దొరుకుతుందని నమ్మి పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి అయిన జోగేంద్రనాథ్ మండల్ 1950లో రాజీనామా చేసి వచ్చేశారు. దేశాలు విడిపోయినా మనకు ఒరిగింది అంతే.

కనుక ఆసియా ఏకమవుతుందా అని ఎవరైనా అడిగితే మేము తిరిగి అడిగేది ఇది: ఆ యూనియన్‌లో కులాన్ని ఉమ్మడి నేరంగా ఒప్పుకుంటారా, దేశం దాటి పోయిన దళితుడికి ఫిర్యాదు చేసే చోటు ఉంటుందా? ఒప్పుకుంటే భాషలు వందలున్నా కలవడం సాధ్యమే. లేదంటే అది ఇంకో పెద్దమనుషుల ఒప్పందం.

ఈలోగా మన హద్దు దగ్గర పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. వలస పోయిన కుటుంబాల పిల్లలు తండ్రి సొంత రాష్ట్రపు సర్టిఫికెట్ చూపి, ఉంటున్న చోటే కుల ధ్రువీకరణ తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో అది చెల్లుతుంది, ఆ రాష్ట్ర రిజర్వేషన్లకు చెల్లదు. అట్రాసిటీ చట్టం విషయం వేరు. మీ కులం మా రాష్ట్ర జాబితాలో లేదు కాబట్టి కేసు కట్టమని మహారాష్ట్ర పోలీసులు అనడానికి ఇక వీల్లేదు. సొంత రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయిన మనిషికి దేశంలో ఎక్కడున్నా ఆ చట్టం రక్షణ ఉంటుందని 2023లో బొంబాయి హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. సంజయ్ కాట్కర్ కేసు అంటారు దాన్ని. దెగ్లూర్ ఆ హైకోర్టు పరిధిలోకే వస్తుంది. బిచ్కుంద, మద్నూర్ నుంచి అటు పనికి పోయే మనవాళ్ళ మీద దాడి జరిగినప్పుడు స్టేషన్‌కు వెళ్ళే కార్యకర్తలు ఆ తీర్పు నకలు ఒకటి చేతిలో పెట్టుకుని వెళ్ళండి.