మెల్లగా కదిలితే.. పడిపోరు!

బాత్‌రూమ్‌లో కాలు జారితే కుర్రాళ్లు లేచి దులుపుకొని వెళ్లిపోతారు. డెబ్బై దాటినవారికి తుంటి విరిగితే మంచాన పడాల్సి వస్తుంది. ఆ ముప్పును తగ్గించే సాధనే తైచీ.

చైనాలోని హెనాన్ రాష్ట్రంలో 17వ శతాబ్దంలో యుద్ధవిద్యగా రూపుదిద్దుకుంది. 1956లో అక్కడి ప్రభుత్వం 24 భంగిమలకు కుదించడంతో సామాన్యులకూ అందింది. పార్కుల్లో తాతలు, బామ్మలు పొద్దున్నే చేసేది ఇదే.

కిటుకంతా నిదానంలోనే ఉంది. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి రెండో కాలి మీదకు మెల్లగా మార్చాలి. దాంతో కాళ్లకు బలం, ఒంటికి నిలకడ వస్తాయి. అమెరికాలో 70-92 ఏళ్ల 256 మందిపై జరిగిన పరిశోధన 2005లో వెలువడింది. ఆరు నెలలపాటు వారానికి మూడుసార్లు తైచీ చేసినవారు 38 సార్లు పడితే, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవారు 73 సార్లు పడ్డారు.

ఇంట్లో ఇలా..
* వంటగట్టు పట్టుకుని ఒక్కో కాలిపై కాసేపు నిలబడండి.
* నిద్ర లేవగానే పరుగెత్తొద్దు. మంచంపై కాసేపు కూర్చుని లేవండి.
* బాత్‌రూమ్‌లో తడి ఉంచొద్దు. రాత్రిపూట చిన్న లైటు వేసి ఉంచండి.
* మోకాళ్ల నొప్పులు, కళ్లు తిరగడం ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.

ఖర్చు లేదు.. కావాల్సింది కాస్త ఓపికే!