ఈ వాలున పూత వాన, ఆ వాలున వడగళ్లు

మార్చి వచ్చేసరికి పాడేరు మన్యంలో ఒకే ఇంటివాళ్లకు వాన కావాలి, వాన వద్దు కూడా. ఇంటి వెనక వాలులో కాఫీ మొక్కలు మొగ్గలు కట్టి తడి కోసం ఆగి ఉంటాయి. ఇంటి ముందు కళ్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరుతుంటుంది. పక్కనే మిరియాలు, చింతపండు. వెనక వాలుకు దండిగా వాన పడాలి, ముందు కళ్లంలో ఒక్క చినుకు రాలకూడదు. రెంటి మీదా ఉన్నది ఒకే ఆకాశం. మార్చి నుంచి మే దాకా అది ఏ పూట ఏం చేస్తుందో ముందుగా చెప్పడం చాలా కష్టం.

పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఉన్న 11 మండలాలూ, అంటే అనంతగిరి, అరకు మొదలుకొని చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు దాకా, తూర్పు కనుమల మీద, వాటి లోయల్లో పరుచుకుని ఉన్నాయి. చాలా ఊళ్లు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటాయి. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి విశాఖలో ఉక్కపోత మొదలైనా ఇక్కడ తెల్లవారుజామున ఇంకా దుప్పటి కావాలి. లంబసింగి చలి చూడటానికి డిసెంబరులో వరస కట్టిన కార్లు అప్పటికి కనిపించవు. పర్యాటకులు వెళ్లిపోయాక మొదలయ్యే ఈ కాలం గురించి మనం రాసేది తక్కువ. ఏడాది పంట భవిష్యత్తు తేలేది మాత్రం ఇప్పుడే.

తుపాను వస్తోందంటే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. ఈ వానకు అంత వ్యవధి ఉండదు, ఒక్క పూటలో పుట్టి ఆ పూటే పోతుంది. పొద్దున లోయల్లో నిలిచిన పొగమంచు పదింటికల్లా విడిపోతుంది. ఎండకు ఎదురుగా ఉన్న వాలులు ముందు వేడెక్కి, వాటిని ఆనుకున్న గాలి పైకి లేస్తుంది. ఒకవైపు బంగాళాఖాతం నుంచి తేమగాలి కనుమలెక్కి వస్తుంది. మరోవైపు విదర్భ, ఛత్తీస్‌గఢ్ మీదుగా పొడిగాలి దిగుతుంది. వార్తల్లో వినే ఉపరితల ద్రోణి, అంటే తక్కువ పీడనం ఉన్న పొడవాటి పట్టీ, ఈ ప్రాంతం మీదుగా సాగిందంటే ఈ రెండు గాలులూ ఇక్కడే తలపడతాయి. ఒంటిగంటకు కొండ నెత్తిన చిన్న మబ్బు కనిపిస్తుంది. మూడింటికి అదే పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరిగిన ఉరుముల మబ్బు, క్యుములోనింబస్ అవుతుంది. ముందు ఈదురుగాలి, తర్వాత వాన, ఒక్కోసారి వడగళ్లు. అయిదింటికి మళ్లీ ఎండ. ఇటు వాలున వాగు పొంగుతుంటే అటు వాలున నేల కూడా తడవకపోవడం ఇక్కడ మామూలే.

వడగళ్లు మేలో కంటే మార్చి, ఏప్రిల్‌లలో ఎందుకు ఎక్కువో చాలామంది అడుగుతారు. వసంతంలో నాలుగున్నర, అయిదు కిలోమీటర్లు పైకెళ్తే గాలి సున్నా డిగ్రీలకు చేరుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ మట్టం ఇంకా పైకి జరుగుతుంది, కింది గాలీ కాగుతుంది. అందుకే మేలో మబ్బులో గడ్డలు పుట్టినా చాలావరకు దారిలోనే కరిగి నీళ్లుగా పడతాయి. మార్చిలో గడ్డ గడ్డలాగే దిగుతుంది. 2023 మార్చి మధ్యలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లబడిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పెద్ద వడగల్లు దొరికితే కోసి చూడండి. ఉల్లిపాయలోలా పొర మీద పొర కనిపిస్తుంది. నీళ్లు నెమ్మదిగా గడ్డకట్టిన చోట పొర అద్దంలా ఉంటుంది. తాకిన వెంటనే గడ్డకట్టిన చోట గాలి బుడగలు లోపల చిక్కుకుని పొర పాలలా తెల్లగా ఉంటుంది. కిందికి దూకే గడ్డను పైకి లేచే గాలి పట్టి నిలిపినంతసేపూ దాని మీద ఈ పూతలు పేరుకుంటూనే ఉంటాయి. గాలి మోయలేనంత బరువెక్కాక అది మామిడి పిందె మీదో రేకుల కప్పు మీదో పడుతుంది.

ఇక కాఫీ. ఇక్కడ పండేది అరబికా రకం. నవంబరు నుంచి జనవరి దాకా పళ్లు కోశాక మొక్క కొంతకాలం పొడిగా ఉండాలి. ఆకు కొమ్మను అంటిన ప్రతి గణుపు దగ్గరా మొగ్గలు గుత్తిగా పుట్టి, ఒక దశకు వచ్చి ఎదుగుదల ఆపేస్తాయి. వాటిని కదిలించేది వానే. కనీసం ఒక అంగుళం, అంటే 25 మిల్లీమీటర్లు పడాలి. అలా పడిన ఎనిమిది, పది రోజులకు తోట మొత్తం ఒకేసారి పూస్తుంది. విచ్చే ముందు రోజు సాయంత్రం మొగ్గలు పొడుగ్గా సాగి తెల్లబడతాయి. తెల్లారేసరికి సిల్వర్‌ఓక్ చెట్ల నీడన ఒక్కో కొమ్మా ఈ కొస నుంచి ఆ కొస దాకా పూలతో నిండిపోతుంది. మల్లెకు దగ్గరగా ఉండే వాసన దారి మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో పూలు గోధుమరంగుకు తిరిగి రాలిపోతాయి. ఏడాదికి సరిపడా పని ఆ కొద్దిరోజుల్లోనే జరిగిపోవాలి.

అంగుళానికి బదులు నాలుగైదు మిల్లీమీటర్ల తుంపరే పడితే చిక్కు. సగం తడిసిన మొగ్గ ఉబ్బుతుంది గానీ పూర్తిగా విచ్చలేక ఎండిపోతుంది. దానికి తోడు ఎండ ఎక్కువైతే పూలు చిన్నవిగా, ఆకుపచ్చగా, గట్టిగా తయారై కాయ కట్టవు. 1901 తర్వాత దేశంలో సగటు ఉష్ణోగ్రత అత్యధికంగా నమోదైన ఫిబ్రవరి 2025దేనని వాతావరణ శాఖ లెక్క. పూతకు ముందే అలాంటి ఎండలు కాయడం కాఫీకి మంచిది కాదు. పూత సవ్యంగా జరిగినా, మరో మూడు వారాల్లోపు రెండో వాన పడకపోతే పిందె నిలవదు.

వాన విడతలుగా పడితే ఇంకో నష్టం ఉంది. ఇది పైకి కనిపించదు. వారానికొక జల్లు చొప్పున పడితే పూత మూడు నాలుగు విడతలుగా వస్తుంది. పండటమూ అన్ని విడతలే. ఎర్రగా పండినవి మాత్రమే ఏరి కోస్తేనే కాఫీకి రుచి, ధర. పచ్చికాయ కలిస్తే రెండూ పోతాయి. అంటే నవంబరు చలిలో అదే వాలును ఆ ఇంటి ఆడవాళ్లు పదే పదే ఎక్కి దిగాలి. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. అక్కడి కప్పులోని రుచికి మార్చి వాన ఎన్ని విడతల్లో పడిందన్నదీ ఒక కారణమే.

కర్ణాటకలో కొడగు లాంటి చోట్ల పెద్ద ఎస్టేట్లు చెరువులు తవ్వుకుని, వాన రాకపోతే స్ప్రింక్లర్లతో పూత తెప్పించుకుంటాయి. మన్యంలో గిరిజన కుటుంబానికి ఉండేది ఎకరమో, రెండెకరాలో, అదీ నిలువు వాలులో. వీళ్లకు ఆకాశం తప్ప ఇంకో పంపు లేదు. కొడగులో పెద్ద రైతు డబ్బుతో తప్పించుకోగలిగిన ప్రమాదాన్ని ఇక్కడ చిన్న రైతు పూర్తిగా తన నెత్తిన మోస్తున్నాడు.

కాఫీకి మేలు చేసిన ఆ అంగుళం వానే కళ్లంలో నష్టం చేస్తుంది. ఉడికించిన పసుపు కొమ్ములు పది, పదిహేను రోజులు బాగా ఎండాలి. మధ్యలో తడిస్తే రంగు మాసి, బూజు పట్టి, సంతలో వ్యాపారి చేతిలోకి తీసుకోగానే ధర తగ్గిస్తాడు. తడిసిన చింతపండు నల్లబడుతుంది. తెల్లవారుజామున చెట్ల కింద ఏరి ఆరబోసిన విప్పపువ్వు ఒక్క రాత్రి తడిస్తే పులిసిపోతుంది. కొండ మీద మబ్బు కమ్మితే చాలు, వీధి మొత్తం కేకలు: "ఒలే, బరకం లాగవే! కొండ మూసేసింది!" బరకం ఒక్కటే ఉన్న ఇంట్లో ముందు పసుపు కప్పాలా, మిరియాలు కప్పాలా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. కాంక్రీటు కళ్లాలు, సోలార్ డ్రయ్యర్లు కొన్నిచోట్ల వచ్చాయి. అవి ఊరూరా ఎందుకు ఉండాలో అర్థం కావాలంటే ఒక్క సాయంత్రం ఆ వీధిలో నిలబడితే చాలు.

అన్నిటికంటే పెద్ద భయం పిడుగు. దేశంలో ఏటా 2,500 మందికి పైగా పిడుగులకు బలవుతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. ఆరుబయట పనిచేసేవాళ్లకే ముప్పు ఎక్కువ. మన్యంలో మిరియాలు కోసేది సరిగ్గా ఈ నెలల్లోనే. మిరియాల తీగ పాకేది సిల్వర్‌ఓక్ మీద, తోటలో అన్నిటికంటే ఎత్తయిన చెట్టు అదే. దానికి నిచ్చెన వేసుకుని ఎక్కితే గానీ కోత లేదు. పిడుగుపాటు వేళ చెట్టు కిందకు వెళ్లొద్దని మనం పట్నంలో తేలిగ్గా చెప్తాం. ఆ చెట్టు మీదే పని ఉన్నవాళ్లకు ఆ మాట ఒక్కటీ సరిపోదు. లోయలో ఉన్నవాళ్లకు కొండ అడ్డమై మెరుపు కనిపించకపోవచ్చు, ఉరుము మాత్రం వినిపిస్తుంది. ఉరుము వినిపించిందంటే పిడుగు మనదాకా రాగల దూరంలో ఉన్నట్టే. వెంటనే దిగి పక్కా ఇంట్లోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. ఈ రెండు మాటలూ కొండ భాషల్లో, సంతల్లో, మైకులో చెప్పించాలి.

హెచ్చరికలు లేవని కాదు. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు సూచనలిస్తుంది, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతుంది, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) తయారుచేసిన 'దామిని' యాప్ పిడుగుల జాడ చూపిస్తుంది. అయితే సిగ్నల్ అందని గూడేలు ఇంకా ఉన్నాయి. వానను పసిగట్టే రాడార్ కిరణానికి కొండలు అడ్డొస్తాయి, దూరం పెరిగేకొద్దీ అది నేలకు ఎత్తుగా పోతుంది. లోయ అడుగున జరిగేది దానికి దొరకదు.

ఇక వాన లెక్కల సంగతి. మండలానికొక వానమాపకం పెట్టి, దాని అంకెనే మండలమంతటికీ వర్తింపజేయడం మైదానంలో కొంతవరకు నడుస్తుంది. కొండల్లో నడవదు. మండల కేంద్రంలో 30 మిల్లీమీటర్లు నమోదైతే, కాగితం మీద అందరికీ పూత వాన పడినట్టే. రెండు కొండల అవతల మొగ్గ మీదే ఎండిన తోటకు ఆ అంకె ఏం చెబుతుంది? వాన లోటుకు పరిహారమిచ్చే బీమా కాఫీకి కొత్తేమీ కాదు, కాఫీ బోర్డు, వ్యవసాయ బీమా సంస్థ కలిసి గతంలో ఒక పథకం తెచ్చాయి. అలాంటిది మన్యంలో నిజంగా పనికిరావాలంటే ముందు వాలువాలుకూ కొలత ఉండాలి. అందుకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఒక గరాటు, ఒక సీసా, ఒక కొలజాడీ ఉంటే వానమాపకం తయారు. ప్రతి గిరిజన ఆశ్రమ పాఠశాల ఆవరణలో ఒకటి పాతి, రోజూ ఉదయం 8.30కి జాడీలో నీళ్లు చూసి పుస్తకంలో రాసే పని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అప్పగించవచ్చు.