ఇంట్లో ఉన్నదానితో

పిల్లలూ! బెంగుళూరులో గుంతకల్లు వైపు వెళ్ళే రైలెక్కితే, ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టిన తరువాత మొదట తగిలే పెద్ద ఊరు హిందూపురం. ఆ తరువాత పెనుకొండ వస్తుంది. ఇంకా ముందుకు వెళితే ధర్మవరం జంక్షను. ఈ మూడు ఊళ్ళూ 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు పుట్టపర్తి ముఖ్యపట్టణంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. హిందూపురం చింతపండు వ్యాపారానికి పేరుపడింది. పెనుకొండలో పెద్ద కొండకోట ఉన్నది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయిన తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని అక్కడికే మార్చుకున్నారు. ధర్మవరం పట్టుచీరల సంగతి మీ అమ్మను అడిగితే చెబుతుంది.

ఈ మూడు ఊళ్ళలోనూ సాయంకాలమయ్యేసరికి ఇంటింటా ఒకటే మాట వినిపిస్తుంది: "ఆకలి! తినటానికేమున్నది?"

ఆ వేళకు అమ్మ ఎక్కడ ఉంటుంది? ధర్మవరంలో చాలా ఇళ్ళలో ఆమె మగ్గం పనిలో ఉంటుంది. కండెలు చుట్టాలి, తెగిన పోగులు అతకాలి. ఆమె లేస్తే నేత ఆగిపోతుంది. హిందూపురంలో ఎందరో అమ్మలు బట్టలు కుట్టే కర్మాగారాలకు వెళతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల కర్మాగారం వచ్చింది. అక్కడ పనిచేసేవారి ఇళ్ళలో అమ్మో నాన్నో ఏ వేళకు ఇల్లు చేరేదీ షిఫ్టును బట్టి ఉంటుంది. ఇక పల్లెల్లో అయితే పొద్దుగూకేదాకా చేలోనే పని.

బడి విడిచిపెట్టిన తరువాత అమ్మ వచ్చేలోగా ఈ రెండు మూడు గంటలే కష్టం. మీ ఆకలి సరే, మీరు ఓర్చుకోగలరు. మూడేళ్ళ తమ్ముడో చెల్లెలో ఓర్చుకోలేరు. ఏడుస్తారు. అప్పుడు మీరు పది రూపాయలు పట్టుకుని అంగడికి పరుగెత్తి ఒక చిప్స్ పొట్లం తెస్తారు. అందులో ఉప్పూ నూనే ఎక్కువ. చిన్నవాడి కడుపు నిండీ నిండకుండా ఉంటుంది, రాత్రి అన్నం మాత్రం సహించదు. ఇలా రోజూ జరిగితే వాడి ఎదుగుదల దెబ్బతింటుంది.

మరి ఏం చెయ్యాలి? ఈ ప్రాంతపు వంటిల్లే దీనికి జవాబు చెబుతుంది.

వాన తక్కువ, ఉపాయం ఎక్కువ

ఈ ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 55 సెంటీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘాలు పడమటి కనుమలు దాటి వచ్చేసరికి చాలావరకు నీరు వదిలేసి వస్తాయి. ఈశాన్యం నుంచి వచ్చే మేఘాలు కోస్తాలోనే ఎక్కువగా కురిసిపోతాయి. అందుచేత ఇక్కడ తక్కువ నీటితో పండే చెనక్కాయ, రాగి, జొన్న, కొర్ర, కంది, ఉలవ వంటివి నమ్ముకున్నారు. చేలో ఏది పండితే డబ్బాలో అదే ఉంటుంది. డబ్బాలో ఉన్నదానితోనే వంట.

ఒక వింత చెబుతాను, వినండి. మనం తాతలనాటిదనుకునే ఊరుబిండిలో పడే చెనక్కాయ పుట్టినిల్లు దక్షిణ అమెరికా. మిరపకాయ కూడా అమెరికా ఖండాలదే. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాత పోర్చుగీసు ఓడల మీద మన దేశానికి వచ్చింది. రాగి వేల ఏళ్ళ కిందట తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. చింతచెట్టు సొంత ఊరూ ఆఫ్రికాయే. చూశారా! కొత్తగా వచ్చిన గింజను మన అవ్వలు భయపడకుండా రోట్లో వేసి, "దీంతో ఏమవుతుందో చూద్దాం" అన్నారు. అలా ఇంట్లో ఉన్నదానితో వండటం నేర్చుకున్నారు. మీరూ నేర్చుకోవచ్చు.

ఉగ్గాని

అన్నిటికన్నా సులభమైనది ఉగ్గాని. దీనికి కావలసినవి బొరుగులు. ఒక్కొక్కరికి మూడు గ్లాసుల బొరుగులు తీసుకోండి. "అమ్మో, అన్నా!" అనకండి. తడిపిన తరువాత అవి ఎంతగా తగ్గిపోతాయో మీరే చూస్తారు.

బొరుగులను నీళ్ళలో రెండు మూడు నిమిషాలు నానబెట్టి, పిడికిలితో గట్టిగా పిండి పక్కన పెట్టుకోవాలి. బాణలిలో రెండు చెంచాల నూనె వేడిచేసి ఆవాలు, మినప్పప్పు, కరివేపాకు, తరిగిన ఉల్లిపాయ వేసి వేయించాలి. చిటికెడు పసుపు, తగినంత ఉప్పు వేసి, పిండిన బొరుగులు కలపాలి. పైన రెండు చెంచాల పుట్నాల పొడి చల్లి, పొయ్యి ఆర్పిన తరువాత నిమ్మరసం పిండాలి. చిన్నవాడి వాటా ముందే తీసి పెట్టి, ఆ తరువాత మిగిలినదానిలో వేయించిన పచ్చిమిరపకాయలు కలుపుకోండి. పది నిమిషాల్లో పని అయిపోతుంది.

బొరుగులను ఉడికించక్కర లేదు. ఎందుకో తెలుసా? అవి అంతకు ముందే ఉడికి ఉన్నాయి. బట్టీలో ముందు వడ్లను నానబెట్టి ఉడికించి, ఆరబెట్టి, దంచుతారు. ఆ బియ్యాన్ని బాగా కాలిన ఇసుకలో వేస్తారు. గింజ లోపల మిగిలి ఉన్న కాస్త తేమ ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. ఆవిరికి చోటు చాలదు. మెత్తబడిన గింజను అది నలువైపులా తోస్తుంది. గింజ ఉబ్బి, వెంటనే గట్టిపడి, లోపలంతా గాలి గదులతో మిగిలిపోతుంది. ఆ గదుల్లోకే మీరు పోసిన నీరు జొరబడుతుంది. పిండితే గదులు కూలిపోతాయి. అందుకే గంపెడు బొరుగులు గిన్నెడు ఉగ్గాని అవుతాయి.

పొయ్యి ఆర్పిన తరువాతే నిమ్మరసం ఎందుకు పిండమన్నాను? నిమ్మరసంలోని సి విటమిన్ వేడికి నశిస్తుంది. సి విటమిన్ ఉంటే గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రక్తానికి ఇనుము అవసరమని మీరు చదువుకున్నారు గదా!

ఉండలు కట్టని రాగిజావ

రాగిపిండి లేని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. ముద్ద కెలకటం పెద్దల పని. ఉడుకుతున్న గిన్నెను కాళ్ళతో అదిమిపట్టి, కట్టెతో బలంగా తిప్పాలి. మీరు జావతో మొదలుపెట్టండి.

ఇద్దరికి మూడు చెంచాల పిండి చాలు. పిండిని అర గ్లాసు చన్నీళ్ళలో వేసి, ఒక్క ఉండ కూడా లేకుండా కలపండి. మరొక గిన్నెలో రెండు గ్లాసుల నీళ్ళు మరగనివ్వండి. మంట తగ్గించి, కలిపిన పిండిని సన్నని ధారగా పోస్తూ గరిటెతో తిప్పుతూ ఉండండి. ఐదారు నిమిషాల్లో జావ చిక్కబడి మెరుస్తుంది. పాలూ బెల్లమూ వేసుకోవచ్చు. లేదా చల్లారిన తరువాత మజ్జిగా ఉప్పూ కలుపుకోవచ్చు. ఇంట్లో ఏది ఉంటే అది.

పొడి పిండినే నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? ఉండలు కడుతుంది. పిండిలోని గంజి పదార్థం సుమారు 65, 70 డిగ్రీల వేడి తగలగానే నీరు పీల్చి, ఉబ్బి, జిగురవుతుంది. పిండి ముద్దగా పడితే పైపొర ముందుగా జిగురై, లోపలికి నీరు పోకుండా మూసేస్తుంది. ఉండను విరిచి చూడండి, మధ్యలో పొడి పిండి అలాగే ఉంటుంది! చన్నీళ్ళలో ఆ జిగురు పుట్టదు. రేణువులు విడివిడిగా తడుస్తాయి. ఉపాయమంతా అంతే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. ఇటువంటి పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నం, అంటే కాల్షియం, ఉన్నది. అంతే తూకం తెల్లబియ్యంలో అది 10 మిల్లీగ్రాములు మాత్రమే. రాగిలోని సున్నమంతా ఒంటికి పట్టదు కాబట్టి దొరికిన పాలు మానవద్దు. కాని ఎముకలు పెరిగే వయసులో రాగి మంచి తోడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ పొయ్యటం మొదలుపెట్టారు.

పొయ్యి అంటించకుండా

పదేళ్ళలోపు వారు ఒంటరిగా పొయ్యి ముట్టించరాదు. వాళ్ళు చేయదగిన వంటలూ ఉన్నాయి.

ఒకటి: పుట్నాల పప్పును రోట్లో దంచి, దానిలో సగం బెల్లం తురిమి కలపాలి. కొబ్బరి ఉంటే కాస్త వెయ్యాలి. చిన్నవాడికి ఈ పొడిని పాలతో మెత్తగా తడిపి పెట్టండి.

రెండు: బొరుగుల్లో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, వేయించిన చెనక్కాయల పొడి, ఉప్పు, నిమ్మరసం కలపాలి.

చెనక్కాయల్లో నాలుగో వంతు మాంసకృత్తులే. అంత మంచి గింజ అయినా రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు గింజను గింజగా ఎన్నడూ పెట్టవద్దు. అది గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆగిపోవచ్చు. మెత్తగా పొడి చేసే పెట్టాలి. రెండవది, రంగు మారిన, ముడుచుకుపోయిన, బూజు వాసన వేసే గింజలను ఏరి పారెయ్యాలి. ఆ బూజులో విషం పుడుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

మిగిలిన అన్నం సంగతి

పొద్దుటి అన్నం మిగిలితే చిత్రాన్నం చేస్తే సరి అని మీరంటారు. చల్లగా పెట్టి ఉంచిన అన్నమైతే నిక్షేపంగా చెయ్యవచ్చు. ఫ్రిజ్ ఉంటే వండిన గంట రెండు గంటల్లో అందులో పెట్టాలి, తీసిన తరువాత పొగలు వచ్చేదాకా వేడి చెయ్యాలి. ఎండాకాలం వంటింట్లో సాయంకాలం దాకా అలాగే ఉండిపోయిన అన్నం చిన్నపిల్లలకు పెట్టవద్దు. ఉడికినా చావని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు అన్నంలో ఉంటాయి. అవి వెచ్చగా ఉన్నప్పుడు మొలిచి విషం తయారుచేస్తాయి. అన్నాన్ని మళ్ళీ వేడిచేస్తే జీవులు చావవచ్చు గాని ఆ విషం పోదు. వాసన బాగానే ఉన్నదిగదా అని మోసపోకండి.

పొయ్యి దగ్గర

పొయ్యి దగ్గరికి వెళ్ళేటప్పుడు నూలు బట్టలే వేసుకోండి. నైలాన్ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుపోతుంది. జడ ముడి వేసుకోండి. గిన్నె పిడిని గోడ వైపుకు తిప్పండి. తడి గుడ్డతో వేడి గిన్నె పట్టుకోవద్దు, తడి గుండా వేడి త్వరగా చేతికి పాకుతుంది. గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టుకోకుండా, రెగ్యులేటరు కట్టి, తలుపులూ కిటికీలూ తెరిచి బయటికి వెళ్ళి పెద్దవాళ్ళను పిలవండి. చెయ్యి కాలితే 20 నిమిషాల సేపు చల్లని ధార నీళ్ళ కింద ఉంచాలి. ఇంకు, పేస్టు, పసుపు ఏమీ పుయ్యరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

నలభై ఏళ్ళ బడి అనుభవంతో చెబుతున్నాను. ఆకలితో ఉన్న పిల్లవాడికి ఎంత మంచి పాఠమైనా తలకెక్కదు, సాయంకాలం పుస్తకం ముందు కూర్చోబెట్టినా అంతే. వంటింట్లో పిల్లల చేతికందే ఎత్తులో ఒక అర కేటాయించండి. అందులో బొరుగులు, పుట్నాలు, బెల్లం, చెనక్కాయల పొడి, రాగిపిండి ఉంచండి. మొదటి నాలుగు రోజులూ పక్కన నిలబడి నేర్పండి. ఈ పని ఆడపిల్లకే అప్పగించవద్దు. ఆకలి మగపిల్లవాడికీ వేస్తుంది, వాడికీ రెండు చేతులున్నాయి. ఉప్పు ఎక్కువైతే నవ్వి ఊరుకోండి. రేపు వాడే సరిచేసుకుంటాడు.

ఈ నెలలో మీరు చేయవలసిన పని

పిల్లలూ! ఒక గ్లాసు నిండా బొరుగులు కొలిచి, నానబెట్టి, పిండి, మళ్ళీ అదే గ్లాసులో పోసి చూడండి. ఎన్నో వంతుకు తగ్గాయో పుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత వాటిని పారెయ్యకుండా పోపు పెట్టుకోండి. మొదటి ముద్ద చిన్నవాడికి పెట్టి, ఒక గిన్నెడు అమ్మకు మూత వేసి ఉంచండి. ఆమె పని ముగించుకుని వచ్చేసరికి బాగా అలిసిపోయి ఉంటుంది.