బ్యాటరీ మొరాయించకముందే...

తెల్లవారుజామునే కొండకు బయల్దేరాలి. పిల్లలు కారెక్కేశారు. తాళం తిప్పితే 'కిర్ర్... టక్' అంటూ ఆగిపోయింది. చాలామందికి బ్యాటరీ గుర్తొచ్చేది అప్పుడే!

తిరుపతివాళ్లకు బ్యాటరీ కొత్తేం కాదు. 1985లో గల్లా రామచంద్రనాయుడు నెలకొల్పిన అమరరాజా సంస్థ ఊరి పక్కన కరకంబాడిలోనే ఉంది. 2000లో మార్కెట్లోకొచ్చిన అమరాన్ ఆ సంస్థదే. అయితే ఎంత పేరున్న బ్యాటరీకైనా ఆయుష్షు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లే. మన ఎండలకు ఇంకాస్త ముందే నీరసించొచ్చు. వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, సీసపు పలకలు త్వరగా పాడవుతాయి. కారు రోజుల తరబడి కదలకపోయినా ఛార్జింగ్ తగ్గిపోతుంది.

సెల్ఫ్ నెమ్మదిగా తిరుగుతోందా? స్టార్ట్ చేసేటప్పుడు లైట్లు మసకబారుతున్నాయా? అయితే మెకానిక్‌కు చూపించాల్సిందే. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక మంచి బ్యాటరీలో 12.6 వోల్టులుండాలి. ఇంజిన్ నడుస్తుంటే 14కు అటూఇటూగా చూపాలి. అలా లేకపోతే తప్పు ఆల్టర్నేటర్‌దీ కావచ్చు... తొందరపడి కొత్తది కొనకండి. టెర్మినళ్లపై తెల్లటి పొడి పేరుకుంటే శుభ్రం చేయిస్తే చాలు. పూర్తిగా ఛార్జి చేసినా మళ్లీ పడిపోతుంటే మాత్రం మార్చేయడమే మేలు.

కొత్తది కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. పాతది చెత్తలో వేయొద్దు, అందులో సీసం, యాసిడ్ ఉంటాయి. దుకాణంలోనే ఇచ్చేయండి.

మూడేళ్లు దాటిందా? ఎండాకాలానికి ముందే ఓసారి పరీక్ష చేయిస్తే, ఘాట్ రోడ్డు ప్రయాణం నిశ్చింతగా సాగిపోతుంది!