ఊపిరి కొలత – ఒంటి నీరు

పచ్చని అడవులు, గోదావరీ తీరం, భద్రాద్రి రాముని సన్నిధి – ఖమ్మం, భద్రాచలం ప్రాంతం అనగానే స్ఫురించేవి ఇవే. ఆ అడవుల అడుగున మరొక సంపద ఉంది. అది నల్లబంగారం. 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు పరిసరాలలో బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకాలు ఆరంభమయ్యాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు బొగ్గు రైళ్ళను నడిపింది, విద్యుత్తును ప్రసాదించింది. అయితే ఆ బొగ్గును తవ్వే కార్మికుని ఊపిరితిత్తుల స్థితి కూడా మనకు పట్టవలసిన విషయమే.

ముతక ధూళిని ముక్కు, శ్వాసనాళాలు అడ్డుకొంటాయి. అతి సూక్ష్మమైన రేణువులు మాత్రం గాలిగదుల దాకా చేరి అక్కడే నిలిచిపోతాయి. ఏళ్ళ తరబడి పేరుకొన్న ఆ ధూళి మెత్తని కణజాలాన్ని గట్టి మచ్చలుగా మారుస్తుంది. దీనినే న్యుమోకోనియోసిస్ అంటారు. దీనిని నివారింపవచ్చును గాని, వచ్చిన పిమ్మట పూర్తిగా మాన్పలేము. ఆయాసం కనబడే నాటికే చాలా నష్టం జరిగి ఉంటుంది. కనుకనే ఎక్స్‌రేతో పాటు ఊపిరిని కొలిచే పరీక్ష అవసరమవుతుంది.

ఆ పరికరమే స్పైరోమీటరు. 1846లో లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ దీనిని లోకానికి పరిచయం చేశాడు. ముక్కు మూసుకొని, గుండెల నిండా గాలి పీల్చి, గొట్టంలోకి శక్తికొద్దీ ఊదాలి. మామూలు శ్వాసలో సుమారు 500 మిల్లీలీటర్ల గాలి కదులుతుంది. నిండుగా పీల్చి పూర్తిగా వదిలితే ఆరోగ్యవంతుడైన వయోజనునిలో సుమారు 3.5 నుండి 4.5 లీటర్లు వెలువడుతుంది. వయస్సు, ఎత్తులను బట్టి ఇది మారుతుంది. అందులో నూటికి 70 పాళ్ళకు పైగా మొదటి సెకనులోనే రావాలి.

సొరకాయ బుర్రను తలచుకొండి. మూతి ఇరుకైతే నీరు నెమ్మదిగా కారుతుంది. బుర్రే చిన్నదైతే నీరు వేగంగా వచ్చినా కొద్దిగానే వస్తుంది. పొగతాగడం, కట్టెల పొయ్యి పొగ శ్వాసనాళాలను ఇరుకు చేసేవి. ఊపిరితిత్తులు గట్టిపడడం రెండవ స్థితి. బొగ్గు ధూళి ఈ రెండింటికీ కారణం కాగలదు.

ఊపిరితిత్తిని కప్పిన రెండు పొరల నడుమ రాపిడి లేకుండా కొద్దిపాటి ద్రవం సహజంగానే ఉంటుంది. క్షయ, న్యుమోనియా, క్యాన్సర్, గుండె బలహీనత వంటి వాటివల్ల అది పెరిగి ఊపిరితిత్తిని నొక్కివేస్తుంది. అప్పుడు కూడా ఊదిన గాలి తగ్గుతుంది. కారణం తెలియాలంటే ఎక్స్‌రే, స్కానింగ్, సూదితో తీసిన ద్రవ పరీక్ష కావాలి. దీర్ఘకాల శ్వాసవ్యాధిలో ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకొని, గుండె కుడిభాగంపై భారం పడుతుంది. అది అలసినపుడు కాళ్ళకు నీరు దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడుతుంది. కాలేయం చెడినపుడు పొట్టలో నీరు చేరవచ్చు. అదే జలోదరం.

“నీరు పట్టింది” అని ఊరుకోవడం గాని, నీరు తీయించుకొంటే చాలుననుకోవడం గాని తగదు. నీరు వ్యాధి కాదు, వ్యాధికి సూచన. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి.

1955 నాటి గనుల నిబంధనలు ఉద్యోగంలో చేరేటప్పుడూ, ఆపై అయిదేళ్ళకు మించని వ్యవధిలోనూ వైద్యపరీక్షలను విధించాయి. నీళ్ళు చల్లి ధూళిని అణచడం, గనిలోకి మంచిగాలిని పంపడం, మాస్కు ధరించడం నివారణ మార్గాలు. నేల లోతుల నుండి మనకు వెలుగు తెచ్చే శ్రమజీవికి నిండు ఊపిరి దక్కాలి. అది దయతో ఇచ్చే దానం కాదు, అతని హక్కు.