గాలి గొట్టం మారిస్తే బండి బలం పెరుగుతుందా?

భిలాయిలో ఉండే మనకు గాలి విలువ గురించి వేరే చెప్పనక్కరలేదు. సోవియట్ యూనియన్ సాయంతో కట్టిన మన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ కొలిమిని 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. 2018లో వెలిగించిన ఎనిమిదో కొలిమి 'మహామాయ' ఘనపరిమాణం 4,060 ఘనమీటర్లు. ఆ కొలుములకు ముడి ఇనుము, కోక్, సున్నపురాయి ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మన పల్లెల్లో కమ్మరి తిత్తి ఊది నిప్పు రాజేసేవాడు. ఇక్కడ అదే పని పెద్ద పెద్ద యంత్రాలు చేస్తాయి.

గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే బలం ఎక్కువ. ఈ లెక్కతోనే మన పెద్ద తరగతుల పిల్లలు, "అన్నయ్య బైకుకి కంపెనీ ఫిల్టర్ తీసేసి బజారులో అమ్మే కొత్త రకం పెట్టిస్తే పికప్ పెరుగుతుందట, నిజమేనా సార్?" అని అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. కొనేముందు అడిగితే ఇంకా మంచిది. భౌతికశాస్త్రం తరగతిలో నేర్చుకున్నదానితోనే దీనికి జవాబు వెతుకుదాం.

ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి పడుతుంది. కాబట్టి ఇంజిన్‌కు గాలి ముఖ్యమన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. తేల్చుకోవలసింది వేరే ఉంది. కంపెనీ అమర్చిన ఫిల్టర్ ఆ గాలిని నిజంగా అడ్డుకుంటోందా?

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసేది థ్రాటిల్ అనే చిన్న తలుపు. మనం యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునేది అదే. సెక్టార్ల రోడ్ల మీద, సివిక్ సెంటర్ చుట్టూ తిరిగేటప్పుడు ఆ తలుపు చాలావరకు మూసే ఉంటుంది. ఇంట్లో కుళాయి సగమే తిప్పి, డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే పైపు లావు పెంచితే నీళ్లు ఎక్కువ వస్తాయా? రావు. ఇదీ అంతే. కుళాయి పూర్తిగా తిప్పినప్పుడే, అంటే ఇంజిన్ పూర్తి వేగంతో తిరిగేటప్పుడే, పైపు లావు లెక్కలోకి వస్తుంది.

అప్పుడైనా లాభం ఎంత? వాతావరణ పీడనం సుమారు పది మీటర్ల నీటిమట్టానికి సమానం. కనుక 10 సెంటీమీటర్ల నీటిమట్టమంటే అందులో ఒక శాతం. శుభ్రమైన ఫిల్టర్ దగ్గర 20 సెంటీమీటర్లంత పీడనం తగ్గుతోందనుకుందాం. ఫిల్టర్‌ను మొత్తం పీకేసినా కలిసొచ్చేది రెండు శాతమే. బండీ, నడిపేవాడూ కలిసి 210 కిలోలుంటే అందులో రెండు శాతం నాలుగు కిలోలు. వీపు మీది పుస్తకాల సంచి దింపి బండి ఎక్కినా పికప్‌లో అంతే తేడా వస్తుంది!

ఇక చల్లగాలి సంగతి. బ్లాస్ట్ కొలిమిలోకి ఊదే గాలిని ముందుగా వెయ్యి డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. దానివల్ల కోక్ ఖర్చు తగ్గుతుంది. ఇంజిన్ సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. గాలి వేడెక్కితే పలచబడుతుంది. 60 డిగ్రీల గాలికి బదులు 40 డిగ్రీల గాలి అందితే సిలిండర్‌లో సుమారు ఆరు శాతం ఎక్కువ గాలి పడుతుంది. ఇది నిజమైన లాభమే. అయితే చాలా కార్లలో కంపెనీవాళ్లే బయటి గాలి అందేలా గొట్టం అమర్చి ఉంటారు. దాన్ని తీసేసి బానెట్ కింద నోరు తెరిచిన ఫిల్టర్ బిగిస్తే ఇంజిన్ తన వేడిగాలినే తాను పీలుస్తుంది. మే నెలలో మన ఎండకు ఆ పని చేస్తే ఉన్న బలం కూడా తగ్గుతుంది.

మరి మార్చినవాళ్లంతా బండి దూసుకుపోతోందంటారేం? చాలావరకు అది చప్పుడు మహిమ. ఫిల్టర్ చుట్టూ ఉండే పెట్టె గాలి శబ్దాన్ని అణచిపెడుతుంది. పెట్టె పోతే హోరు పెరుగుతుంది. చెవికి వేగంగా అనిపిస్తుంది, గడియారం ఒప్పుకోదు. పందేల బండ్ల సంగతి వేరు. వాటిలో పొగగొట్టం, కవాటాలు, కంప్యూటర్ లెక్కలు అన్నీ కలిపి మారుస్తారు. అలాంటి ఇంజిన్‌కు ఎక్కువ గాలినిచ్చే ఫిల్టర్ నిజంగానే పనికొస్తుంది.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో మూసుకుపోయిన ఫిల్టర్లతో కార్లను నడిపి చూసింది. కంప్యూటర్ అదుపులో ఉండే నేటి ఇంజిన్లలో మైలేజీకి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ పాత ఫిల్టర్ తీసి శుభ్రమైనది వేస్తే పికప్ మెరుగైంది. అంటే బజారు కిట్టు ఇస్తానన్న లాభంలో కొంత, కంపెనీ ఫిల్టర్‌ను వేళకు మారిస్తేనే దొరుకుతుందన్నమాట.

ఫిల్టర్ అసలు పని దుమ్మును ఆపడం. బదిలీల మీద ఎన్నో ఊళ్లు తిరిగే మా వంటివారికి ఒక్కో ఊరి దుమ్ము ఒక్కో రంగులో పరిచయం. గట్టి ఇసుక రేణువులు సిలిండర్ గోడను గీరేస్తాయి. ఆ నష్టం ఒక్కరోజులో తెలియదు. కొన్నేళ్లకు నూనె కాలిన పొగగా బయటపడుతుంది. గాలిని సులువుగా పోనిచ్చే ఫిల్టర్‌లో దుమ్ము కూడా సులువుగా దూరిపోయే ప్రమాదం ఉంది. నూనె పూసి వాడే రకంలో నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్ పాడవుతుంది.

చట్టం మాట కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. పైగా మన బడి పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులవి బదిలీ ఉద్యోగాలే. వేరే రాష్ట్రంలో ఏడాది మించి ఉంటే బండిని అక్కడ మళ్లీ నమోదు చేయించాలి. అప్పుడు బండిని చూసే అధికారికి జవాబు చెప్పుకోవలసింది నాన్నగారే.

అందుకని పిల్లలూ, అన్నయ్యకు ఈ లెక్కలు వేసి చూపించండి. ఫిల్టర్ శుభ్రంగా ఉందా, టైర్లలో గాలి సరిపడా ఉందా, చైన్ వదులైందా అని ముందు చూసుకోమనండి. వీటికయ్యే ఖర్చు తక్కువ, ఫలితం ఖాయం. మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్ కొనమనండి.